తక్కువ కరెంటుకి కాలిన మోటారు

దుర్గాబాయికి నేను నేర్పింది నాలుగే ఇంగ్లీషు అక్షరాలు. వి, ఐ, ఆర్, పి. ఆ నాలుగింటితో ఆవిడ ఒక పెద్దమనిషిని ఎర్రటి ఎండలో రెండొందల మంది ముందు గోడకేసి నిలబెట్టింది. నిలబెట్టడానికే నేర్చుకుంది, నిలబెట్టాలనే నేనూ నేర్పాను. నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నాకు కోపం ఎక్కువ, మా ఇంట్లో ఎవర్ని అడిగినా చెప్తారు.

మాది అమలాపురం దగ్గర. మా వారు శ్రీనివాసరావు గారికి దూలపల్లిలో ఫ్యాక్టరీ ఉద్యోగం కావడంతో అక్కడే కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. పెళ్ళికి ముందు రెండేళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని కదా, చేతులు ముడుచుకుని కూర్చోలేక ఇంట్లోనే పదో తరగతి పిల్లలకి ట్యూషన్లు మొదలుపెట్టాను. ముందు గదిలో గోడకి పెద్ద నల్లబల్ల కొట్టించాను. తొంభై ఎనిమిది వేసవిలో మా బోరు మోటారు కాలిపోయింది. మేడ్చల్ బస్టాండు దగ్గర ఒకావిడ మోటార్లు చుడుతుందని పక్కింటివాళ్ళు చెబితే కబురు పెట్టాం. ఆడమనిషి మోటార్లు చుట్టడమేమిటని మా వారు ముసిముసిగా నవ్వారు.

ఆవిడ లూనా మీద వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. కొంగు నడుముకి బిగించి, పానాలు తీసి, పావుగంటలో మోటారు విప్పి వరండాలో పెట్టింది. కాలిన తీగల కంపు ఇల్లంతా కొట్టింది. నీళ్ళు తాగడానికి లోపలికొచ్చి నల్లబల్ల ముందు ఆగిపోయింది. దాని మీద ముందురోజు పాఠం చెరపలేదు నేను.

"టీచరమ్మా, గీ రాసింది ఏంది?"

"ఓమ్ సూత్రం. ఓల్టు, ఆంపియరు తెలిస్తే రెసిస్టెన్సు ఎలా తీయాలో."

ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. "గిది నాకు నేర్పుతవా? నేను నాలుగో తరగతే సదువుకున్న. అంకెలొస్తయ్. కూడుడు, తీసివేసుడు, గుణకారం, భాగారం అన్నీ వస్తయ్."

ఎందుకని అడిగాను. పని బాగా రావడానికేమో అనుకున్నాను నేను, వెర్రిదాన్ని.

"ఒకని నోట ఒక మాట అనిపియ్యాలె," అంది.

అప్పుడు చెప్పింది తన సంగతి. ఆవిడ భర్త ఎంకయ్య. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా పొలాల మోటార్లన్నీ ఇరవై ఏళ్ళు ఆయనే చుట్టాడు. చెక్క అచ్చు మీద తీగ చుట్టి ఇవ్వడం దుర్గాబాయి పని, దాన్ని మోటారు గాడుల్లో సర్ది, వార్నిషు పోసి, కలిపి నడిపించడం ఆయన పని. కొట్టు మీద పేరు కూడా లేదు, ఎంకయ్య కొట్టు అంటే అందరికీ తెలుసు.

తొంభై ఏడు మే నెలలో శామీర్‌పేట వైపు జనార్ధన్ పటేల్ మోటారు కాలింది. నలభై ఎకరాల ఆసామి, అప్పటికే పొలాలు ప్లాట్లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు, నోరు తెరిస్తే నలుగురు వినాల్సిందే. ఆ మోటారు చుట్టి అప్పటికి ఇరవై రోజులు. దాన్ని ట్రాక్టరు మీద తెచ్చి కొట్టు ముందు పడేయించాడు.

"రాగి తిన్నవురా! సన్న తీగ జుట్టి నా మోటర్ కాల్చినవ్!"

"లే పటేలా. మీ దిక్కు తక్కువ కరెంట్ వస్తాంది. తక్కువ కరెంట్‌కే కాలింది," అన్నాడట ఎంకయ్య.

ఆ ఒక్క మాట ఆయన కొంప ముంచింది. మన భాషలో అన్నీ కరెంటే కదా! కరెంటు పోయింది, కరెంటు వచ్చింది, కరెంటు కొట్టింది, కరెంటు తక్కువగా ఉంది. ఓల్టూ కరెంటే, ఆంపియరూ కరెంటే, స్తంభం మీంచి దిగేదంతా కరెంటే. ఓల్టు తగ్గింది అనడానికి ఎంకయ్య తక్కువ కరెంటు అన్నాడు, ఈ చుట్టుపక్కల అందరూ అనేట్టే అన్నాడు. జనార్ధన్ ఆ మాట పట్టుకున్నాడు.

"ఇనుండ్రి! ఎక్కువ కరెంటొస్తే కాల్తదా, తక్కువొస్తే కాల్తదా? పొయ్యిల మంట తక్కువైతే బువ్వ మాడుతదారా? తక్కువొస్తే మోటర్ సల్లగుండాలె!"

బజారంతా గొల్లుమంది. "సలి వెట్టి సచ్చిందేమో పటేలా," అన్నాడెవడో. అంతే, ఇంకొకడు గొర్రెల కాపరి దగ్గర గొంగడి లాక్కొచ్చాడు. మోటారుకి చలి పెడుతోందిట, కప్పమన్నాడు జనార్ధన్. ఎంకయ్యని మోటారు పక్కన కూర్చోబెట్టి ఇద్దరి మీదా కలిపి ఆ గొంగడి కప్పారు. మే నెల, మిట్టమధ్యాహ్నం. బస్సు దిగినవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఆగి చూశారు, చూసి నవ్వారు. గంటసేపు కూర్చోబెట్టారట! ఏం మనుషులండీ! వినేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ రోజు నుంచి ఆయన గొంగడి ఎంకయ్య. కొట్టు ముందు నుంచి పోయేవాడల్లా "మోటర్‌కు సలి వెడుతుందా అన్నా?" అనేవాడు. నెల తిరగకుండా ఎంకయ్య కొట్టు మూసేసి దూలపల్లిలో ఒక గోడౌను గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. మోటారు ఊసు ఎత్తడం మానేశాడు. అసలు మాటే తగ్గించేశాడు. దుర్గాబాయి రెండు నెలలు చూసి, కొట్టు తెరిచి తానే చుట్టడం మొదలుపెట్టింది. కానీ ఆంపియర్ల లెక్క, తీగ లావు లెక్క ఆయన తలలో ఉన్నాయి. అడిగితే చెప్పడు.

"అన్నం వెట్టి అడిగిన, కాళ్ళు వట్టి అడిగిన. గోడ దిక్కు తిరిగి పంటడు. నాకు గా లెక్క గావాలె టీచరమ్మా. తక్కువ కరెంట్‌కు మోటర్ కాల్తదని గా జనార్ధన్ నోటితోని పది మందిల అనిపియ్యాలె. గప్పటిదాంక నాకు బువ్వ అరగదు."

"రేపట్నుంచి రా," అన్నాను.

మా వారు రాత్రి భోజనాల దగ్గర "ఊరు కాని ఊళ్ళో మనకెందుకే ఈ గొడవలు" అన్నారు. ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి నోరు మూయించాను.

రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఓల్టు నెట్టేది, ఆంపియరు పోయేది, ఓము అడ్డం పడేది అని ఆవిడే పేర్లు పెట్టుకుంది. నెట్టేదాన్ని పోయేదానితో భాగిస్తే అడ్డం ఎంతో వస్తుంది. ఒక్క రోజులో పట్టేసింది. నా ట్యూషన్ పిల్లలకి వారం పట్టేది, అందులో సగం మందికి ఇప్పటికీ రాదు.

చూసి నేర్చుకోవాలని ఆవిడ కొట్టుకే వెళ్ళాం. ఎంకయ్య బిగించిన చెక్కబోర్డు అక్కడ అలాగే ఉంది, దాని మీద ఒక ఓల్టు మీటరు, ఒక ఆంపియరు మీటరు. మా ఇంట్లో నీళ్ళు కాచే హీటరు తీసుకెళ్ళి దానికి తగిలించాం. మధ్యాహ్నం ఓల్టు రెండొందల ముప్ఫై, ఆంపియరు నాలుగు పాయింటు ఆరు. భాగిస్తే యాభై ఓములు. సాయంత్రం ఆరింటికి ఊళ్ళో అందరూ లైట్లు వేశాక మళ్ళీ చూశాం. ఓల్టు నూట ఎనభైకి పడిపోయింది. ఆంపియరు మూడు పాయింటు ఆరు. అదే యాభై ఓములు. చూశావా, సూత్రం ఎలా నిలబడిందో అని నేను గర్వంగా చెప్తున్నాను.

దుర్గాబాయి మొహం నల్లబడింది.

"ఓల్టు తక్కువైతే ఆంపియర్ గూడ తక్కువాయె. అంటే ఏడి గూడ తక్కువే. మంట తక్కువైతే బువ్వ మాడదన్నడు గద. నీ లెక్క గూడ పటేల్ దిక్కే ఉన్నది టీచరమ్మా!"

నిజం చెప్పొద్దూ, ఆవిడ లెక్క సరైనదే. ఓమ్ సూత్రం ఆ దుర్మార్గుడి పక్షాన నిలబడిందేమిటి! ఆవిడ లూనా స్టార్టు చేసి నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. నేను బస్సులో ఇంటికొచ్చి వంట ఎగ్గొట్టి పాత పుస్తకాలన్నీ దులిపాను. కాలేజీలో చదివిందే, చెప్పిందే, కానీ పంపు మోటారుకీ దానికీ ముడి పెట్టి ఎప్పుడూ ఆలోచించిన పాపాన పోలేదు.

మర్నాడు నేనే వెళ్ళాను. "హీటరు వేరు, మోటారు వేరు. హీటరుకి పనేం లేదు, ఎంతిస్తే అంతే కాగుతుంది. మోటారుకి నెత్తిన బరువుంది. ఓల్టు తగ్గినా బావిలో నీళ్ళు అంత లోతులోనే ఉంటాయి, అంత నీళ్ళూ ఎత్తాల్సిందే. ఆ బరువు పేరే పవర్. నెట్టేదాన్ని పోయేదానితో హెచ్చవేస్తే పవర్. ఆ పవర్ తగ్గడానికి లేదు. మరి నెట్టేది తగ్గితే ఏమవ్వాలి?"

"ఎక్కువ గుంజాలె!" అని అరిచింది ఆవిడ.

గుంజడం. మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చెప్పడానికి వీళ్ళ మాట అది. నా పుస్తకాల్లో అంత మంచి మాట లేదు. వెంటనే ఒక హార్స్‌పవర్ మోటారుని తొట్టిలోకి దించి బోర్డుకి తగిలించాం. మధ్యాహ్నం రెండొందల ముప్ఫై ఓల్టుల దగ్గర ఆరు ఆంపియర్లు గుంజింది. సాయంత్రం నూట ఎనభై దగ్గర ఏడున్నర దాటి గుంజింది. ముల్లు పైకి ఎక్కుతుంటే దుర్గాబాయి ఆ మీటరు అద్దం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

వేడి లెక్క కూడా చెప్పాను. పోయే ఆంపియర్లని వాటితోనే హెచ్చవేసి, తీగ ఓములతో మళ్ళీ హెచ్చవేస్తే తీగలో పుట్టే వేడి. అందుకని ఆంపియర్లు కొంచెం పెరిగినా వేడి చాలా పెరుగుతుంది. చుట్టలో తీగ రెండు ఓములు. ఆరు ఆర్ల ముప్ఫై ఆరు, రెట్టింపు డెబ్భై రెండు వాట్లు. ఏడున్నర దాటితే అదే నూట పద్దెనిమిది. లోపల తీగకి తీగ తగలకుండా కాసే వార్నిషు ఎన్నాళ్ళు ఆగుతుంది పాపం! మోటార్లకి పవర్ ఫ్యాక్టర్ అని ఇంకో పితలాటకం ఉంది, దాన్ని పక్కన పెట్టి చెప్పానని ఇంజినీర్లు నన్ను తిట్టుకోవచ్చు. తిట్టుకోనివ్వండి.

"మా ఆయన నిజమే చెప్పిండు," అంది దుర్గాబాయి. బోర్డు నుంచి తీగలు విప్పుతూ, "నాకు గూడ జెర అనుమానముండె టీచరమ్మా. రాగి తిన్నడేమోనని. ఎవరితోటి అనలే."

ఆ అనుమానం కూడా తీర్చుకుంది. ట్రాక్టరు బ్యాటరీ ఒకటి లూనాకి కట్టుకుని, ఎంకయ్య చుట్టిన మోటార్లు ఇంకా ఏయే పొలాల్లో తిరుగుతున్నాయో వెతుక్కుంటూ పోయింది. పన్నెండు ఓల్టుల బ్యాటరీ తగిలించడం, ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూడడం. అయిదు హార్స్‌పవర్ మోటార్లలో నాలుగు ఆంపియర్లు పోయాయి, అంటే మూడు ఓములు. కంపెనీ నుంచి వచ్చిన కొత్త మోటారుకీ మూడు ఓములే. తీగ సన్నదైతే అడ్డం పెరగాలి, ఆంపియర్లు తగ్గాలి. పదకొండు మోటార్లు చూసింది, ఒక్కదాంట్లోనూ తగ్గలేదు. ఎంకయ్య రాగి తినలేదు. ఆ అంకెలన్నీ నోటుబుక్కులో రాసి నాకు చూపిస్తూ "ఇగ వాని పని జెప్త," అని పళ్ళు నూరింది.

ఎలా చెప్తావే, ఆయన ఇంటికెళ్ళి లెక్క వినమంటే వింటాడా అన్నాను. వినడు. వినేచోటే దొరకాలి. ఆవిడ కాచుకుని కూర్చుంది. ఒక ఏడాది, రెండేళ్ళు, మూడో ఏడూ. పెళ్ళిళ్ళలో జనార్ధన్ ఎదురుపడితే పక్కకి తప్పుకునేది, నమస్తే పటేలా అనేది. నాకైతే ఒళ్ళు మండిపోయేది. "ఏమిటే ఆ వినయం?" అంటే, "మస్తు పనున్నది ఆనితోని," అనేది.

రెండు వేల ఒకటి, ఏప్రిల్. ఒకరోజు పట్టపగలు దుర్గాబాయి మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. చేతిలో గులాబీ రంగు కరపత్రం. స్థానిక ఎన్నికలు దగ్గర పడుతున్నాయి, జనార్ధన్ నిలబడబోతున్నాడు. అందుకని రైతుల కోసం ధర్నా చేస్తాడట, శామీర్‌పేట దాటాక ఒక ఊరి సబ్‌స్టేషన్ ముందు. ఊరి పేరు ఎందుకులెండి. ఆవిడ ఊపిరి తీసుకోకుండా కరపత్రం చదివింది. "తక్కువ కరెంటుతో రైతుల మోటార్లు కాల్చడాన్ని నిరసిస్తూ. ఇట్లు, జనార్ధన్."

చదివి ఎంత నవ్విందో! ఆవిడ అలా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది. నేనూ నవ్వాను. చాక్‌పీసుల డబ్బా సంచీలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాను.

ఎంకయ్యని కూడా ఆటోలో ఎక్కించుకొచ్చింది. "వస్తవా, గోడౌను కాడికొచ్చి గేటు ముంగట కూసోవాల్నా?" అని బెదిరిస్తే వచ్చాడు. దారి పొడుగునా తల ఎత్తలేదు. దిగమంటే దిగలేదు, ఆటోలోనే కూర్చుండిపోయాడు.

సబ్‌స్టేషన్ గేటు ముందు షామియానా, మైకు, రెండొందల మంది రైతులు. జనార్ధన్ తెల్ల చొక్కా చేతులు మడిచి ఊగిపోతున్నాడు. "తక్కువ కరెంట్ ఇచ్చి మా మోటర్లు కాల్వెడ్తుండ్రు! మేం ఊకోం!" గేటు లోపల నుంచి కరెంటాఫీసు ఇంజినీరు, ఏఈ, వచ్చి నిలబడ్డాడు. కుర్రాడు, నిదానస్తుడు. లైను మీద మోటార్లు పెరిగాయని, పై ఆఫీసుకి రాస్తానని చెబుతున్నాడు. ఈ హడావుడిలో దుర్గాబాయి లేచి జనంలోంచి నడుచుకుంటూ మైకు దగ్గరికెళ్ళింది.

"పటేలా, ఒక్క మాట. తక్కువ కరెంట్‌కు మోటర్ ఎట్ల కాల్తది?"

జనార్ధన్ నవ్వాడు. "ఎట్ల కాల్తదేంది దుర్గమ్మా? కాల్తది. గిది ఊరందరికి ఎరికే."

"ఎరికైతే నాలుగేండ్ల కింద మేడ్చల్ బజార్ల మా ఆయన మీద గొంగడెందుకు గప్పినవ్?"

ఆ రోజు నవ్వినవాళ్ళు ఇక్కడా ఉన్నారు, తలలు తిప్పుకోవడం నేను చూశాను. జనార్ధన్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టి "గది ఇప్పుడెందుకు? తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు.

ఏఈ తెలివైనవాడు. మెల్లగా అన్నాడు. "ఇప్పుడే చెప్పండి, నేనూ వింటాను. తక్కువొస్తే కాలుతుందంటే ఆ మాట రాసి పైకి పంపిస్తాను. కాలదంటే టెంటు తీసేయండి."

అదీ దెబ్బ! కాలదంటే ధర్నా పోయింది, కాలుతుందంటే ఆ రోజు ఆయన అన్నదంతా అబద్ధం. జనార్ధన్ ఏఈ వైపు చూశాడు, రైతుల వైపు చూశాడు.

"కాల్తది," అన్నాడు చివరికి. "గప్పుడు తెల్వక అన్న."

"ఏం అన్నవో పేరు వెట్టి జెప్పు. మైకు మూతికి దగ్గర వెట్టుకో."

"ఎంకయ్య జెప్పింది నిజమే. తక్కువ కరెంట్‌కే కాలింది. ఆయన రాగి తినలే."

"ఎన్క ఉన్నోళ్ళకు ఇనవడలే."

మళ్ళీ చెప్పాడు. ఈసారి మైకు కీచుమంది. నేనైతే అక్కడికి చాలనుకున్నాను, ఒట్టు. దుర్గాబాయికి చాలలేదు. నా వైపు చెయ్యి చాచింది. సంచీలోంచి చాక్‌పీసు తీసి ఇచ్చాను. దాన్ని జనార్ధన్ చేతిలో పెట్టి సబ్‌స్టేషన్ ప్రహరీ గోడ చూపించింది.

"ఇగ లెక్క జేసి సూపెట్టు."

"లెక్క నాకేం దెల్సు?"

"మా ఆయనకు దెల్వదనే గద నవ్వినవ్. రాయి."

ఆయన కదల్లేదు. అప్పుడు వెనకనుంచి ఒక ముసలి రైతు అరిచాడు. "రాయి పటేలా! ఏఈ సాబు రాస్తనంటుండు గద, మా మోటర్లు బతుకుతయ్!" ఇంకో నలుగురు అందుకున్నారు. ఓట్లు వేయాల్సినవాళ్ళు మరి! జనార్ధన్ గోడ వైపు తిరిగాడు.

మూడు ఫేజుల గుణకం రెండు వైపులా ఒకటే కాబట్టి కొట్టేసి, తేలికగా ఉండాలని అంకెలు సరిచేసి, ఈ లెక్క మేమిద్దరం ఎన్నోసార్లు చేశాం. మంచి ఓల్టు నాలుగొందలు. అయిదు హార్స్‌పవర్ మోటారు గుంజేది ఏడున్నర. ఇక్కడ ఆ రోజు వస్తున్నది రెండొందల ఎనభై, ఏఈ బోర్డు చూసి వచ్చి చెప్పాడు. "నాలుగొందలను ఏడున్నరతోని గుణించు," అంది దుర్గాబాయి. జనార్ధన్ రాశాడు. రెండుసార్లు కొట్టేశాడు. ఎవరో అందిస్తే మూడు వేలు వేశాడు. "గిదీ బరువు. గిది తగ్గది. ఇప్పుడు రెండొందల ఎనభైతోని భాగించు. ఎంత గుంజుతదో వస్తది."

అక్కడ ఆగిపోయాడు. భాగహారం గీత గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. చాక్‌పీసు విరిగింది, ఇంకోటిచ్చాను. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. షామియానా నీడ గోడదాకా రాదు, ఏప్రిల్ ఎండ నెత్తి మీద. ముందు వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు, తర్వాత ఇంకొకడు, తర్వాత అందరూ నవ్వారు. దుర్గాబాయి చేతులు కట్టుకుని నిలబడింది, ఒక్క అంకె అందివ్వలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను నాకు. సాయంత్రం దాకా నిలబెట్టు దుర్గా అనుకున్నాను మనసులో. ఆయన రెండొందల ఎనభై కింద నలభై అని వేసి, దాన్ని చెరపబోయి, చెయ్యి అలా గాలిలో ఆపేశాడు.

"పదకొండుకు జెర తక్కువ."

ఎవరా అని అందరం తిరిగి చూశాం. ఎంకయ్య ఆటో దిగి నిలబడి ఉన్నాడు. తువ్వాలు భుజం మీద సర్దుకుంటూ నెమ్మదిగా గోడ దగ్గరికొచ్చాడు. జనార్ధన్ మొహం చూడనేలేదు, గోడ మీది అంకెల్నే చూశాడు.

"ఏడున్నర గుంజేది పదకొండు గుంజితే లోపట ఏడి రెండింతలైతది. వార్నిషు ఉడికిపోతది. మోటర్ మీద చెయ్యి వెడితే ఎరికైతది, గంట లోపట్నే కాల్తది. ఓల్టు గింత తక్కువున్నప్పుడు స్టార్టర్ ఎయ్యకుండ్రి."

ఏఈ తలూపి కాగితం మీద రాసుకున్నాడు. జనార్ధన్ గోడ మీద పదకొండు వేసి, చాక్‌పీసు కింద పడేసి, చేతులు దులుపుకున్నాడు. ఆయన షామియానాలోకి వెళ్ళిపోవడం ఎవరూ పట్టించుకోలేదు. రైతులందరూ ఎంకయ్య చుట్టూ మూగారు. మా మోటర్ రొద జేస్తుందన్నా, మాది మొన్న రెండుసార్లు ఆగిందన్నా అని ఒకరి మీద ఒకరు పడి అడుగుతున్నారు. ఆయన ఒక్కొక్కరికీ జవాబు చెబుతున్నాడు.

దుర్గాబాయి ఆ గుంపుని చీల్చుకుంటూ పోయింది. నేను మురిసిపోతూ వెనకే వెళ్ళాను. ఆవిడ మొగుడి భుజం పట్టి తన వైపు తిప్పుకుంది. నేననుకున్న మొహం కాదది.

"ఎందుకు జెప్పినవ్?"

ఎంకయ్య బిత్తరపోయాడు.

"నాలుగేండ్ల సంది అడుగుతున్న గదయ్యా నేను! అన్నం వెట్టి అడిగితి, కాళ్ళు వట్టి అడిగితి. ఒక్క అంకె జెప్పకపోతివి. పరాయోళ్ళ కాడికి వోయి నేర్సుకున్న. నాకు జెప్పనోనివి ఆనికి జెప్పినవా?"

"ఆని కోసం గాదే," అన్నాడు ఎంకయ్య, గొంతు తగ్గించి. "తప్పు రాస్తుండు. సూడలేకపోయిన."

"రాయనియ్యకపోయినవా!" అని దుర్గాబాయి అక్కడే, ఆ రైతులందరి మధ్య, ఎండలో కూలబడి ఏడ్చింది. నాకు తెలిసిన ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.